కుందేటి కొమ్ముల మొక్క, తొర్రలో బొచ్చు సాలీడు: రెంటిలో ఏది ఇంటికి తెచ్చుకోవచ్చు?

మీరడిగింది ఇదీ: మందస దగ్గర జీడితోట, గట్టు మీద ముళ్లపొద కింద కుందేటి కొమ్ముల మొక్క, దానికి నాలుగడుగుల్లో పాత మామిడి తొర్రలో అరచెయ్యంత బొచ్చు సాలీడు. రెండూ నెలల తరబడి ఏమీ లేకుండా బతికేస్తాయని విన్నారు కాబట్టి రెండూ ఇంట్లో పెట్టుకుంటే పెద్దగా పని ఉండదనుకుంటున్నారు. ఏది సులువు, ఎన్ని రోజులకోసారి నీళ్లు, రెండూ ఒకే గదిలో ఉంచొచ్చా అని మీ ప్రశ్నలు.

సూటిగా చెప్పేస్తాను. మొక్క నుంచి చిన్న ముక్క కోసి తెచ్చుకోండి. సాలీడును తొర్రలోనే ఉండనివ్వండి. చట్టం సంగతి కింద చెబుతాను గానీ, చట్టం లేకపోయినా నా జవాబు ఇదే. తప్పు చేస్తే మొక్క వారం పది రోజుల ముందే చెబుతుంది, కుళ్లిన భాగం కోసేసి మిగతాది బతికించుకోవచ్చు. సాలీడుకి ఆ వెసులుబాటు లేదు. దాని ఒంట్లో బాగాలేదని మనకు కనబడేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. పైగా కరిస్తే నొప్పి మామూలుగా ఉండదు.

ముందు రెండూ మీరనుకున్నవేనా అన్నది తేల్చుకోవాలి.

కుందేటి కొమ్ములు అంటే కారల్లూమా అడ్సెండెన్స్. ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ సామర్లకోటలో పనిచేసిన కాలంలో తెలుగువాళ్ల నోట విన్న ‘కారల్లం’ అనే పేరును రాసిపెట్టుకుని 1795లో అచ్చు వేయించాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ అనే ఇంకో వృక్షశాస్త్రజ్ఞుడు ఆ మాటనే కారల్లూమా అని ప్రజాతి పేరుగా మార్చాడు. ఇప్పుడు ప్రపంచమంతా పలికే ఆ లాటిన్ పేరు మన మాటే. కాండం నాలుగు పలకలు, వేలంత లావు, పలకల అంచున చిన్న పళ్లు. ఆకు ఆవగింజంత వచ్చి రాలిపోతుంది. కాయలు జంటగా, కొమ్ముల్లా లేస్తాయి. పూల అంచున కుచ్చులాంటి నూగు ఉండి గాలికి కదులుతుంటే అది ఫింబ్రియేటా రకం.

ఇక్కడే జనం పొరబడతారు. లేత బొమ్మజెముడు కూడా పలకలుగానే ఉంటుంది. గోటితో చిన్నగా గీరి చూడండి. తెల్ల పాలు కారితే అది జెముడు, కంట్లో పడితే చూపుకే ప్రమాదం, నోట్లో పెట్టుకోకూడదు. కుందేటి కొమ్ముల రసం నీళ్లలా ఉంటుంది, పాలు రావు. పచ్చడి చేసుకునేవాళ్లు ఈ ఒక్క పరీక్ష మానకూడదు.

తొర్రలోది మీరు రాసిన గుర్తులను బట్టి పొయెసిలోథీరియా ప్రజాతి సాలీడు. బూడిద రంగు ఒళ్లు, వీపు మీద ఆకు ముద్రలాంటి చార, బెదిరితే ఎత్తే ముందు కాళ్ల అడుగున నిమ్మపండు పసుపు. పొట్ట అడుగున అడ్డంగా లేత రంగు పట్టీ ఉంటే రెగాలిస్. 1899లో పోకాక్ అనే జీవశాస్త్రజ్ఞుడు దీనికి ఆ పేరు పెట్టాడు. తూర్పు కనుమల్లో దీనికి టైగ్రినావెసెలీ అనే దగ్గరి చుట్టం కూడా ఉంది, 2006లో వర్ణించారు. మహేంద్రగిరి దిగువన ఉన్నారు కాబట్టి ఏదైనా కావచ్చు. అడుగు భాగం ఫొటో లేకుండా తేల్చలేం, ఆ ఫొటో కోసం దాన్ని కదపక్కర్లేదు కూడా. రెండిటి తీరూ ఒకటే.

ఇప్పుడు అసలు పోలిక. మొక్కకీ పురుగుకీ పోలికేమిటి అనకండి, ఉంది. రెండూ నీటి ఒత్తిడి మీద నిలబడే ప్రాణులు. కుందేటి కొమ్ములో కర్ర ఉండదు. కణాల్లో నిండిన నీరే దాన్ని నిలబెడుతుంది. సాలీడు కాలు ముడుచుకోవడానికి కండ ఉంది గానీ, ముఖ్యమైన రెండు కీళ్ల దగ్గర చాచడానికి కండ లేదు. తల భాగం నుంచి రక్తాన్ని కాళ్లలోకి నెట్టి చాస్తుంది, జేసీబీ చెయ్యి నూనె ఒత్తిడితో లేచినట్టు. అందుకే దాహం రెంటిలోనూ ఒకలాగే కనిపిస్తుంది. మొక్కలో పలకల మధ్య భాగం లోపలికి గుంట పడుతుంది. సాలీడు పొట్ట ముడతలు పడి, కాళ్లు ఒంటి కిందికి ముడుచుకుపోతాయి.

కానీ చేయాల్సింది మాత్రం పూర్తిగా వేరు. గుంట పడిన మొక్కకి తొందరేం లేదు, రేపు సాయంత్రం పోసినా లేస్తుంది. కాళ్లు ముడుచుకున్న సాలీడుకి గంటలే మిగులుతాయి. నోటి భాగం నీటి అంచుకి తగిలేలా పళ్లెం దగ్గర చేర్చాలి, అప్పటికీ లేస్తుందన్న హామీ లేదు. కాబట్టి ‘ఎన్ని రోజులకోసారి’ అనే లెక్క మొక్క వరకే. సాలీడుకి లెక్క లేదు, చిన్న పళ్లెంలో నీరు ఎప్పుడూ ఉండాల్సిందే. తిండి లేకుండా నెలలు ఉంటుందన్నది నిజం. నీళ్లు లేకుండా ఉంటుందనుకోవడమే అందరూ చేసే పొరపాటు.

మొక్క సంగతి వివరంగా చెబుతాను, మీరు పెంచబోయేది అదే కాబట్టి.

కోత తీసే కాలం ఫిబ్రవరి నుంచి మే మొదటి సగం వరకు. వానల్లో తీసిన ముక్క గాయం ఆరదు. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో, కాండం పాత కాండానికి కలిసే సన్నటి మెడ దగ్గర కోయండి. అక్కడ గాయం చిన్నది. 10 నుంచి 12 సెంటీమీటర్ల ముక్క చాలు, రెండు మూడు తీసుకుంటే ఒకటి పోయినా దిగులుండదు. వేళ్లతో సహా పీకకండి. సన్నబడే పొడుల కోసం దీన్ని కొనేవాళ్లు వచ్చాక గుట్టల మీద మొదలంటా లాగేయడం ఎక్కువైంది, అలా లాగిన చోట మళ్లీ మొలవదు. మీ గట్టు కాక రిజర్వు ఫారెస్టులో ఉంటే అసలు ముట్టుకోవద్దు.

కోసిన ముక్కల్ని కాగితం మీద పరిచి, నీడలో, గాలి ఆడే చోట ఆరబెట్టాలి. పుస్తకాల్లో నాలుగైదు రోజులంటారు. ఉద్దానం గాలిలో తేమకి అది సరిపోదు, వారం నుంచి పది రోజులు పెట్టండి. కోసిన ముఖం వేలితో తాకితే పాత తోలులా గట్టిగా, గరుకుగా తగలాలి. జిగురు తగిలిందంటే ఇంకా రెండు రోజులు.

మట్టి: ముతక ఏటి ఇసుక 2 పాళ్లు, శనగగింజంత ఇటుక ముక్కలు 1 పాలు, ఎర్రమట్టీ మాగిన ఆకుల ఎరువూ కలిపి 1 పాలు. మీ వైపు రెండు వస్తువులు ఊరికే దొరుకుతాయి, రెండూ వద్దు. ఒకటి బారువ, సోంపేట ఒడ్డు ఇసుక. ఉప్పు వదలదు, సన్నగా ఉండి గట్టిపడిపోతుంది. రెండోది కొబ్బరి పొట్టు. పైన పొడిగా కనబడుతూ అడుగున పదిహేను రోజులు తడి పట్టి ఉంచుతుంది, ఈ మొక్కకి అంతకన్నా వేరే విషం అక్కర్లేదు. మహేంద్రతనయ ఇసుక తెచ్చుకుని, సన్న పొడి పోయేదాకా రెండుసార్లు కడిగి వాడండి.

కుండీ మట్టిదే కావాలి. 12 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు, లోతు తక్కువ, అడుగున బొటనవేలు పట్టే చిల్లు. గ్లేజు వేసిన పింగాణీ కుండీ అందంగా ఉంటుంది గానీ గోడ గుండా తడి పోదు. ముక్కని 2 సెంటీమీటర్లకి మించి లోతు పెట్టకూడదు. పడిపోతుంటే గులకరాళ్లు చుట్టూ పేర్చండి. మొదటి పది రోజులు చుక్క నీరు వద్దు. తర్వాత కొద్దిగా, నెల దాటి వేళ్లు పట్టాక మామూలుగా.

ఎండ విషయంలో దీన్ని బ్రహ్మజెముడుతో సమానం చేసి డాబా మీద పెట్టేస్తారు. గట్టు మీద అది ఎక్కడుందో చూడండి, ముళ్లపొద కింద. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు చాలు. మే నెల మధ్యాహ్నపు ఎండకి కాండం ఊదారంగు ఎర్రకి తిరుగుతుంది. అంతవరకు పరవాలేదు, తెల్లటి మచ్చలు పడితే మాత్రం కాలిందని అర్థం, ఆ మచ్చ మళ్లీ పోదు.

నీళ్లు:

మార్చి–జూన్: 7 నుంచి 10 రోజులకోసారి, అడుగు చిల్లులోంచి కారేదాకా.
జూలై–అక్టోబరు: వాన తగలని చూరు కింద. మట్టి ఎండితేనే, మహా అయితే 15–20 రోజులకోసారి.
నవంబరు–ఫిబ్రవరి: 3 నుంచి 4 వారాలకోసారి.

ఇవి అంచనాలే, తీర్పు చెప్పేది చీపురు పుల్ల. కుండీ అంచు పక్క నుంచి పుల్లను అడుగుదాకా గుచ్చి, అయిదు నిమిషాలుంచి తీయండి. కొనకి మట్టి అంటుకుని, పుల్ల రంగు ముదిరి ఉంటే ఇంకా ఆగాలి. పైమట్టి చూసి పోసేవాళ్లే ఎక్కువగా మొక్కలు పోగొట్టుకునేది. పోయడం సాయంత్రమే. ఈ మొక్క పగలు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరిచి గాలి పీలుస్తుంది, ఆ గాలిని ఆమ్లంగా దాచుకుని మర్నాడు ఎండలో వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున కోసిన ముక్క పుల్లగా ఉండి, సాయంత్రానికి పులుపు తగ్గుతుంది. నమ్మకపోతే నాలుక మీద పెట్టి చూడండి, జెముడు పరీక్ష అయ్యాకే సుమా.

ఏం తప్పుతుంది, ఎందుకు: చాలా మటుకు మొదలు కుళ్లు. మట్టికి తగిలే చోట కాండం నీళ్లు పట్టిన కాగితంలా పారదర్శకంగా, పసుపు గోధుమ రంగులోకి మారుతుంది. అప్పుడు ‘ఎండబెడితే తగ్గుతుందేమో’ అని చూడకండి. మెత్తబడిన చోటికి రెండంగుళాల పైన కోయండి. కోసిన ముఖం మధ్యలో గోధుమరంగు చుక్క గానీ వలయం గానీ కనబడితే కుళ్లు ఇంకా పైకి పోయిందన్నమాట. బ్లేడు తుడిచి ఇంకో సెంటీమీటరు పైన కోయాలి. ముఖం మొత్తం ఒకే లేతాకుపచ్చ తెలుపు వచ్చేదాకా ఇదే పని. తర్వాత గంధకం పొడి గానీ, జల్లించిన కట్టెల బూడిద గానీ అద్ది ఆరబెట్టి, కొత్త మట్టిలో పెట్టండి. పాత మట్టి పారేయండి, కుండీని ఉడుకునీళ్లతో కడగండి.

రెండో శత్రువు పిండినల్లి. కొమ్మలు కలిసే సందుల్లో, వేళ్ల మీద తెల్ల దూదిలా ఉంటుంది. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటీ తుడవాలి, వారానికోసారి చొప్పున మూడు వారాలు. పైన ఏమీ లేకుండానే మొక్క ఎదగడం మానేస్తే కుండీ బోర్లించి వేళ్లు చూడండి. పూసినప్పుడు ఈగలు మూగుతాయి, అది తెగులు కాదు. పరాగం మోసేది ఈగలే, వాటిని పిలవడానికే పువ్వుకి ఆ వాసన. పడగ్గదిలో పెట్టకండి, అంతే.

సాలీడు దగ్గరికి వద్దాం. రెగాలిస్ ఆడది కాళ్లు చాపితే 15 సెంటీమీటర్లు దాటుతుంది, పదేళ్ల పైన బతుకుతుంది. మగది ముదిరాక ఎక్కువ కాలం ఉండదు. ఏడాదికి ఒకసారి గానీ ఇంకొంచెం తరచుగా గానీ కుబుసం విడుస్తుంది. ఆ వేళ వెల్లకిలా పడుకుంటుంది. చచ్చిందనుకుని పుల్లతో పొడిచేది అప్పుడే, నిజంగా చచ్చేదీ అప్పుడే. కొత్త కోరలు మొదట తెల్లగా మెత్తగా ఉండి, ఎర్రబడి, నల్లబడడానికి వారం పది రోజులు పడుతుంది. అంతవరకు తినలేదు. డబ్బాలో మిగిలిన బతికున్న మిడత దాన్నే కొరికేయగలదు. ఇక్కడ మొక్కతో తేడా గట్టిగా తెలుస్తుంది. కొమ్మ విరిగితే మొక్కకి అది కొత్త మొక్క. సాలీడు పొట్ట చిట్లితే ముగిసిపోయినట్టే. కాలు పోతే మాత్రం తర్వాతి కుబుసాల్లో మళ్లీ వస్తుంది.

అంతర్జాలంలో దొరికే పెంపకం సూచనలు చలిదేశాల్లో హీటర్ వేసిన పొడి గదులకు రాసినవి. రోజూ నీళ్లు చిలకరించమంటాయి. కోస్తాలో గాలే తడి. గాలాడని డబ్బాలో చిలకరిస్తే మూడో రోజుకి బూజు, పదో రోజుకి తెల్ల నల్లులు. ఇది పుస్తకపు పేజీల్లాంటి ఊపిరితిత్తులతో పీల్చే జీవి, ముక్కిపోయిన గాలిలో నిలవదు. ఇంకోవైపు, మే నెలలో రేకుల కింద గది 40 డిగ్రీలు దాటుతుంది. తొర్రలో అది రాత్రి చల్లబడ్డ చెక్క మధ్య కూర్చుంటుంది, డబ్బాలో ఎక్కడికి పోతుంది?

ఇక కాటు. దీనికి అమెరికా జాతుల్లా విదిల్చే దురద నూగు లేదు, అందుకే కోరల మీదే ఆధారపడుతుంది. కరిస్తే తీవ్రమైన నొప్పి, వాపు, ఆ తర్వాత కండరాలు పట్టేయడం రోజుల తరబడి తిరగబెట్టవచ్చు. మనిషి చనిపోయినట్టు నమోదు లేదు. విరుగుడు మందూ లేదు. సబ్బునీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, ఆసుపత్రికి వెళ్లాలి. కట్లు కట్టడం, కోయడం వద్దు. పిల్లలూ గుండెజబ్బు ఉన్నవాళ్లూ అయితే నొప్పి పెరిగేదాకా ఆగకూడదు.

చట్టం: పొయెసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని 2019లో సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, సైటిస్ జాబితా జీవాల్ని నాలుగో షెడ్యూలు కిందికి తెచ్చింది. అలాంటి జీవం దగ్గరుంటే ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలి. తొర్రలోంచి పట్టిన దానికి ఏ కాగితం చూపిస్తారు? బరంపురంలో ఎవరో అమ్ముతారట అన్న మాట కూడా మీ ప్రశ్నలో ఉంది. కాగితం లేకుండా అమ్మేవాడి దగ్గర కొనడమంటే ఎక్కడో ఒక చెట్టు చీల్చడానికి డబ్బిచ్చినట్టు.

పెంచడం కాదు గానీ, ఉన్నచోట ఉంచి చూడొచ్చు, నన్నడిగితే అదే మేలు. చీకటి పడ్డాక గంట ఆగి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి, రెండు మీటర్ల దూరంలో నిలబడండి. తొర్ర అంచున పట్టుకాగితంలాంటి గూడు, దాని మీద రెండు ముందు కాళ్ల కొనలు మాత్రమే ఆనించి కూర్చుంటుంది. దారాల కంపనమే దానికి చూపు. తెల్ల వెలుగు వేస్తే రెప్పపాటులో మాయం. పగలు చూడాలంటే చెట్టు మొదట్లో వెతకండి. బొద్దింక రెక్కలు, పేడపురుగు చిప్పలు, అప్పుడప్పుడు విడిచిన కుబుసం దొరుకుతాయి. పట్టు తెల్లగా ఉంటే ఇంట్లో ఉన్నట్టు, దుమ్ము పట్టి చిరిగితే ఖాళీ చేసినట్టు.

2013లో ఫైలిన్ తుపాను, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను కలిసి మీ వైపు పాత చెట్లని చాలా మటుకు కూల్చేశాయి. తొర్ర ఉన్న ముసలి మామిడి ఇప్పుడు దొరకని సరుకు. దాన్ని సిమెంటుతో పూడ్చడం, కిరసనాయిలు పోయడం చేయకండి. జీడికి పూతకాలంలో తేయాకు దోమ మందు కొడతారు కదా, ఆ రోజు గాలివాటు చూసుకుని మామిడి మొదటికి మందు పడకుండా చూడండి. నేరుగా తగలకపోయినా, మందు తిని తూలుతున్న పురుగుని పట్టి తిన్నా సాలీడు పోతుంది. కుందేటి కొమ్ముకి ఆ మందు ఏమీ చేయదు గానీ, పరాగం మోసే ఈగలు లేక ఆ ఏడు కాయ కట్టదు.

మగ సాలీడు ఆడదాన్ని వెతుక్కుంటూ గోడెక్కి ఇంట్లోకి వస్తే: చీపురుతో కొట్టకండి, మీరు చెయ్యెత్తేలోపు అది మోచేతి మీదుంటుంది. రెండు లీటర్ల పారదర్శక డబ్బా నెమ్మదిగా బోర్లించి, గోడకీ డబ్బాకీ మధ్య గట్టి అట్ట జరపండి. కాళ్లు నలగకుండా జరిపి, అదే చెట్టు మొదట్లో వదలండి.

ఒకే గదిలో ఉంచొచ్చా అన్నదానికి పైనే జవాబు వచ్చేసింది. ఒకే చెట్టు కింద మాత్రం ఉంచుకోవచ్చు. కుండీని మామిడికి తూర్పున, కొమ్మల అంచు కింద ఇటుక మీద పెట్టండి. పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం నీడ పడుతుంది. మొదటి వాన పడే ముందు చూరు కిందికి మార్చేయండి. ఎత్తేటప్పుడు కుండీ అడుగున చెయ్యి పెట్టే ముందు పుల్లతో ఒకసారి తట్టండి, తేళ్లకి కూడా ఆ ఇటుక సందు ఇష్టమే.